చేతికి అంటించే షుగర్ సెన్సర్: ఫ్రీస్టైల్ లిబ్రె ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ తికమక పెడుతుంది

ఇన్సులిన్ రోజుకు మూడు నాలుగుసార్లు వేసుకునేవాళ్లు, డబ్బు సర్దుబాటయితే వెనకాడకుండా కొనుక్కోవలసిన వస్తువు ఫ్రీస్టైల్ లిబ్రె సెన్సర్. మెట్‌ఫార్మిన్ లాంటి మాత్రలతో షుగర్ అదుపులో ఉన్నవాళ్లకు ఇది ఏడాది పొడుగునా అక్కర్లేదు. మూడు నెలలకో ఆరు నెలలకో ఒక్కటి, ఏం తెలుసుకోవాలో ముందే రాసుకుని పెట్టుకుంటే చాలు. షుగరే లేనివాళ్లు సరదాకి పెట్టుకుంటే మిగిలేది కంగారే. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా తిన్నాక కాసేపు 140 దాటుతుంది, అది చూసి అన్నం మానేసినందువల్ల ఒరిగేదేమీ లేదు. ఇలా ఎందుకంటున్నామో తెలియాలంటే ఈ సెన్సర్ లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

రెండు రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది, 35 మిల్లీమీటర్ల అడ్డం, 5 మిల్లీమీటర్ల మందం. మోచేతి పైన, భుజం కింద, చేతి వెనకవైపు అంటించుకుంటారు. దాని మధ్యనుంచి అర సెంటీమీటరు పొడవున్న సన్నటి తీగ చర్మం కిందికి దిగి ఉంటుంది. ఆ తీగ కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. ఈ ఒక్క సంగతి బాగా గుర్తుంచుకుంటే, వాడేవాళ్లకు వచ్చే సందేహాల్లో సగం అక్కడే తీరిపోతాయి.

ఎంజైముతో గ్లూకోజును కొలవవచ్చని 1962లో అమెరికా శాస్త్రవేత్త లీలండ్ క్లార్క్ చూపించాడు. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గ్లూకోజును విడగొట్టినప్పుడు ఎలక్ట్రాన్లు బయటపడతాయి. ఆ ఎలక్ట్రాన్లను మామూలుగా ఆక్సిజన్ అందుకుంటుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, దాన్ని కొలవాలి. ఇందులో రెండు చిక్కులున్నాయి. చర్మం కింద ఆక్సిజన్ తక్కువ, పైగా నిలకడగా ఉండదు. పెరాక్సైడును కొలవడానికి పెట్టే వోల్టేజీ దగ్గర పారాసిటమాల్ కూడా కరెంటు పుట్టిస్తుంది, అది లేని గ్లూకోజును ఉన్నట్టు చూపిస్తుంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆడమ్ హెల్లర్ ఆక్సిజన్‌తో పనిలేకుండా ఎంజైమును నేరుగా ఎలక్ట్రోడుకు కలిపే దారి కనిపెట్టాడు. ఆస్మియం అనే లోహం అణువులు పొదిగిన జిగురులాంటి పాలిమర్‌లో ఎంజైమును ఇమిడిస్తే, ఎలక్ట్రాన్లు ఒక ఆస్మియం నుంచి ఇంకో ఆస్మియానికి మారుతూ తీగ దాకా వచ్చేస్తాయి. వోల్టేజీ చాలా తక్కువ చాలు. అందుకే జ్వరానికి పారాసిటమాల్ వేసుకున్నా లిబ్రె రీడింగు చెదరదు.

హెల్లర్, ఆయన కొడుకు ఎఫ్రాయిమ్ కలిసి 1996లో మొదలుపెట్టిన థెరాసెన్స్ కంపెనీ ముందు 0.3 మైక్రోలీటర్ల రక్తంతో పనిచేసే ఫ్రీస్టైల్ గ్లూకోమీటరును తెచ్చింది. 2004లో ఆ కంపెనీని అబాట్ కొంది, లిబ్రెను తయారుచేసేది ఈ అబాటే. అదే కెమిస్ట్రీతో వచ్చిన నావిగేటర్ అనే పాత సెన్సర్ ఐదు రోజులే ఉండేది, వేలి రక్తంతో దాన్ని పదేపదే సరిచేసుకోవాల్సి వచ్చేది. లిబ్రెలో ఆ సరిచేయడం ఫ్యాక్టరీలోనే అయిపోతుంది, మన ఇంట్లో క్యాలిబ్రేషన్ అంటూ ఏమీ ఉండదు. వాడేవాళ్లకు ఇది పెద్ద సుఖం. అయితే దానికొక వెల ఉంది: ఒక సెన్సర్ తప్పు చూపిస్తున్నా మీ చేత్తో దాన్ని దిద్దలేరు, మార్చుకోవాల్సిందే.

సీ విటమిన్ మాత్రం ఈ తక్కువ వోల్టేజీ దగ్గర కూడా కరెంటు పుట్టిస్తుంది. మందుల షాపులో దొరికే నమిలే మాత్ర ఒక్కదాంట్లోనే 500 మిల్లీగ్రాములుంటుంది. సెన్సర్ రకాన్ని బట్టి రోజుకు 500 లేదా 1000 మిల్లీగ్రాములు దాటితే షుగర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువ చూపించడం ఎందుకు ప్రమాదమంటే, నిజంగా షుగర్ పడిపోతున్నప్పుడు తెర మీద మామూలు అంకె కనిపిస్తుంది. నిమ్మకాయ నీళ్లు, ఉసిరి పచ్చడి తిన్నంత మాత్రాన భయపడనక్కర్లేదు, అంత మోతాదు వాటిలో రాదు. జలుబు చేసినప్పుడు మాత్రల మీద మాత్రలు నమిలేవాళ్లే జాగ్రత్తగా ఉండాలి.

మన దగ్గర ఏ రకం కొనాలి

పేర్లు దగ్గరదగ్గరగా ఉండి కొనేవాళ్లు తికమక పడతారు. లిబ్రె ప్రో డాక్టర్లది. అంటించి పంపిస్తారు, 14 రోజుల తర్వాత డాక్టర్ దగ్గరున్న రీడరు అనే చిన్న యంత్రమే దాన్ని చదువుతుంది, ఈలోగా రోగికి ఏమీ కనిపించదు. మందులు మార్చాలా వద్దా అని తేల్చుకోవడానికి అది మంచిదే, కానీ షుగర్ పడిపోతుంటే అది కాపాడదు. మామూలు లిబ్రె కూడా 14 రోజులదే. ఫోను గానీ రీడరు గానీ సెన్సర్ దగ్గర పెడితేనే అంకె చెబుతుంది. లిబ్రె 2 ప్లస్ 15 రోజులు ఉంటుంది, బ్లూటూత్‌తో అంకెలు తనంతట తానే ఫోనుకు పంపుతుంది, షుగర్ హద్దు దాటితే అలారం మోగిస్తుంది.

నిద్రలో షుగర్ పడిపోయే అలవాటున్నవాళ్లు, పడిపోతున్నా చెమటలు, వణుకు తెలియనివాళ్లు, టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారవని రకం) ఉన్న పిల్లలు అలారం ఉన్నదే తీసుకోవాలి. ఇందులో రెండో ఆలోచన వద్దు. మామూలు లిబ్రె రాత్రి రెండింటికి 48 ఉందని తెల్లారాక గ్రాఫులో చూపిస్తుంది, ఆ సమయానికి ఎవరినీ నిద్రలేపదు. మిగతావాళ్లకు, ముఖ్యంగా పద్నాలుగు రోజులు చూసి ఆపేద్దామనుకునేవాళ్లకు, తక్కువ ధరలో దొరికిన రకం సరిపోతుంది.

మామూలు లిబ్రె తన లోపల ఎనిమిది గంటల సమాచారమే దాచుకుంటుంది. రాత్రి పదింటికి చూసి మళ్లీ పొద్దున ఏడింటికి చూస్తే, నడుమ ఒక గంట గ్రాఫు ఖాళీ. పడుకునే ముందు, లేవగానే, మధ్యాహ్నం, సాయంత్రం తప్పకుండా ఒక్కోసారి ఫోను ఆనిస్తే ఖాళీలు రావు.

రీడరు కొనాలా, ఫోను చాలదా అని చాలామంది అడుగుతారు. ఫోనులో ఎన్ఎఫ్‌సీ (దగ్గర పెట్టగానే సమాచారం అందుకునే ఏర్పాటు) ఉండాలి, చవక ఫోన్లు చాలావాటిలో అది ఉండదు. పెద్దవాళ్లకు యాప్ కంటే రీడరే తేలిక. దానిలోనే వేలి రక్తం పరీక్షించే స్ట్రిప్ పెట్టే చోటు కూడా ఉంటుంది, వేరే మీటరు అక్కర్లేదు. రీడరూ ఫోనూ రెండూ వాడాలనుకుంటే కొత్త సెన్సర్‌ను ముందు రీడరుతో మొదలుపెట్టి, ఆ తర్వాత గంటలోపు ఫోనుతో కూడా చదివించండి. ముందు ఫోనుతో మొదలుపెడితే ఆ సెన్సర్‌ను రీడరు ఇక ఒప్పుకోదు.

అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకొస్తూ నాలుగైదు సెన్సర్లు తెచ్చిపెట్టడం మన ఇళ్లలో మామూలే. ఇది సరిపడని పని. సెన్సర్లు, యాప్‌లు దేశాల వారీగా ముడిపడి ఉంటాయి. అక్కడ కొన్నది ఇక్కడి యాప్‌తో మొదలవకపోతే పెట్టిన డబ్బు వృథా, చెడిపోతే ఇక్కడ మార్చి ఇచ్చేవాళ్లూ ఉండరు. పిల్లలు డబ్బు పంపితే ఇక్కడే బిల్లుతో కొనుక్కోవడం మేలు.

అంటించేటప్పుడు

పెట్టెలో రెండు ముక్కలుంటాయి: సెన్సర్ ఉన్న ప్యాకు, సూది ఉన్న అప్లికేటరు. రెండింటి మీదా ఒకే కోడ్ ఉండాలి. రెండు పెట్టెలు ఒకేసారి విప్పి ముక్కలు కలిసిపోతే ఆ సెన్సర్ పనిచేయదు. చేతిని మామూలు సబ్బుతో కడగండి. మాయిశ్చరైజర్ కలిపిన సబ్బు వద్దు, అది వదిలిన పొర మీద జిగురు పట్టదు. తుడుచుకుని, స్పిరిట్ స్వాబ్‌తో రుద్ది, గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉండగానే పెడితే మంట, పైగా మూడో రోజుకే అంచులు లేస్తాయి.

అప్లికేటరును ప్యాకులో గుచ్చేటప్పుడు గట్టి బల్ల మీద పెట్టి, రెండింటి మీదా ఉన్న నల్ల గీతలు ఎదురెదురుగా వచ్చేలా సరిచూసి, ఆగేదాకా నొక్కాలి. అరచేతిలో పెట్టుకునో మంచం మీద పెట్టో నొక్కితే సెన్సర్ సరిగ్గా కూర్చోదు. అప్పుడు అప్లికేటరు మాత్రమే చేతికి దిగుతుంది, బిళ్ల ప్యాకులోనే ఉండిపోతుంది. సరిగ్గా ఎక్కిందంటే సూది బయటికి కనిపిస్తుంది, ఇక మూత మళ్లీ పెట్టకూడదు. చేతి వెనక కండ వదులుగా ఉన్నచోట ఆనించి ఒక్కసారి గట్టిగా నొక్కి, రెండు మూడు క్షణాలు ఆగి నెమ్మదిగా వెనక్కి తీయాలి. గబుక్కున లాగితే సూదితోపాటు తీగ కూడా వచ్చేస్తుంది. బిళ్ల అంచులన్నీ వేలితో ఒక నిమిషం అదిమి పెట్టండి.

చోటు ఎంపికలో తొందర పనికిరాదు. సన్నగా ఉన్న పెద్దవాళ్లలో చేతి ముందువైపుకు జరిపి పెడితే తీగ కండలోకి దిగి నొప్పి, రక్తం వస్తాయి. ఇన్సులిన్ వేసుకునే చోటికి కనీసం ఒక అంగుళం ఎడం ఉండాలి. ఆడవాళ్లు జాకెట్టు చేతుల అంచు ఎక్కడిదాకా వస్తుందో చూసుకుని, ఆ అంచుకు రెండు వేళ్ల కిందో, పూర్తిగా లోపలికో పెట్టుకోవాలి. సరిగ్గా అంచు దగ్గర పెడితే జాకెట్టు విప్పేటప్పుడల్లా బిళ్ల లేస్తుంది, బిగుతు చేతులు నొక్కేస్తే రీడింగు కూడా పడిపోతుంది. ఏ వైపు తిరిగి పడుకుంటారో దానికి రెండో చెయ్యి ఎంచుకోండి.

కాస్త రక్తం మచ్చ కనిపిస్తే గాబరా వద్దు, చుట్టూ నొక్కి చూడండి. కారుతూనే ఉంటే మాత్రం తీసేయాలి. తీగ చుట్టూ రక్తం గడ్డకడితే వచ్చే అంకెలు పనికిరావు.

సెన్సర్ మొదలుపెట్టిన 60 నిమిషాలకు అంకె వస్తుంది, కానీ మొదటి రోజు దాన్ని నమ్మి ఇన్సులిన్ మోతాదు మార్చకండి. సూది గుచ్చిన చోట కణజాలం కాస్త వాచి సర్దుకోవడానికి సమయం పడుతుంది, ఆ ఇరవై నాలుగు గంటలు అంకెలు ఎక్కువగా తక్కువ వైపే ఊగుతాయి. దీనికొక ఉపాయం ఉంది: సాయంత్రం అంటించి, మొదలుపెట్టకుండా వదిలేసి, మర్నాడు పొద్దున ఫోనుతో మొదలుపెట్టడం. రోజుల లెక్క మొదలుపెట్టినప్పటి నుంచే కాబట్టి నష్టం లేదు.

స్నానానికి ఇబ్బంది లేదు. మీటరు లోతు నీళ్లలో అరగంట దాకా తట్టుకుంటుంది. దీనికి అసలు శత్రువు నూనె. ఆదివారం తలంటు పోసుకునే అలవాటుంటే ఆ చేతికి నూనె అంటకుండా చూసుకోవాలి, కొబ్బరినూనె జిగురును గంటల్లో వదిలిస్తుంది. ఎండాకాలం చెమటకు అంచులు లేస్తుంటే పైన మెడికల్ టేపు వేసుకోవచ్చు, బిళ్ల నడుమ ఉన్న చిన్న రంధ్రం మాత్రం మూయకూడదు. జిగురు పడక దురద, ఎర్రటి పొక్కులు వచ్చేవాళ్లున్నారు. మొదటి తరం లిబ్రెలో ఐసోబోర్నైల్ అక్రిలేట్ అనే రసాయనం దీనికి కారణమని చర్మవైద్యులు 2017లోనే గుర్తించారు. పొక్కులు నీరు కారితే సెన్సర్ తీసేసి చర్మం డాక్టరుకు చూపించండి, పౌడరు చల్లి భరించడం మంచిది కాదు.

మన ఎండల సంగతి కూడా చెప్పాలి. విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో డెలివరీ వ్యాను లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించుకోండి. పెట్టె మీద థర్మామీటరు బొమ్మ పక్కన నిల్వ ఉష్ణోగ్రత రాసి ఉంటుంది, అది మన వేసవి మధ్యాహ్నం కంటే చాలా తక్కువ. లోపలున్నది ఎంజైము, వేడికి చెడితే బయటికి కనిపించదు, అంకెలే తప్పుతాయి. వేసవిలో ఏసీ ఉన్న మందుల షాపులో కొనడం ఉత్తమం. ఆన్‌లైన్లో తెప్పిస్తే పెట్టె గుమ్మం దగ్గర ఎండలో ఉండిపోకుండా చూసుకోవాలి. ఫ్రిజ్‌లో పెడితే తలుపు వైపు పెట్టండి, ఫ్రీజర్ దగ్గర వద్దు.

అంకె, బాణం, మీటరు

గ్లూకోమీటరు 150 అంటే సెన్సర్ 168 అంది, కాబట్టి సెన్సర్ దండగ అనేవాళ్లున్నారు. ఆ వాదన నిలవదు. గ్లూకోమీటరుకు కూడా అంతర్జాతీయ ప్రమాణం వంద దాటిన అంకెల్లో 15 శాతం అటూ ఇటూ ఉండనిస్తుంది. లిబ్రె మొదటి తరంలో పోల్చి చూసినప్పుడు సగటు తేడా 11.4 శాతం, రెండో తరంలో 9 శాతం చిల్లర. రెండు కొలతలూ కొంచెం కొంచెం తప్పుతాయి, ఒక్కోసారి ఎదురెదురు దిక్కుల్లో.

దానికి తోడు ద్రవంలో గ్లూకోజు రక్తం కంటే ఐదు నుంచి పది నిమిషాలు వెనక ఉంటుంది. షుగర్ నిలకడగా ఉంటే ఈ ఆలస్యం కనిపించదు. అన్నం తిన్న ముప్పావు గంటకు రక్తంలో 210 ఉంటే సెన్సర్ ఇంకా 180 దగ్గర ఉండొచ్చు. పడిపోతున్నప్పుడు దీనికి తలకిందులు: రక్తంలో 62, తెర మీద 78. పోల్చి చూడాలంటే తినకముందు, తెర మీద అంకె పక్కనుండే బాణం అడ్డంగా ఉన్నప్పుడు, చేతులు కడుక్కుని చూడాలి. మామిడిపండు కోసిన వేలితో పరీక్షిస్తే మీటరే అబద్ధం చెబుతుంది. బాణం నిలకడగా ఉన్నప్పుడు కూడా వేర్వేరు వేళల్లో పదేపదే 20 శాతం మించి తేడా వస్తే, ఆ అంకెలు తేదీ, సమయంతో రాసుకుని కస్టమర్ కేర్‌కు చెప్పండి. పెట్టె మీది సీరియల్ నంబరు, బిల్లు అడుగుతారు, అందుకే పెట్టె పారేయకూడదు.

ఈ పరికరం ఇచ్చే అసలు సంగతి బాణం. అడ్డంగా ఉంటే నిమిషానికి ఒక మిల్లీగ్రాము కంటే తక్కువ మార్పు. ఏటవాలుగా ఉంటే ఒకటి నుంచి రెండు. నిట్టనిలువుగా ఉంటే రెండుకు మించి, అంటే పావుగంటలో ముప్పై దాటుతుంది. పడుకునే ముందు 110 ఉండి బాణం అడ్డంగా ఉంటే హాయిగా నిద్రపోవచ్చు. అదే 110 కిందికి నిట్టనిలువుగా ఉంటే పావుగంటలో 80 కిందికి వస్తుంది. వేలి పరీక్షలో ఈ రెండూ ఒకే 110గా కనిపిస్తాయి.

షుగర్ పడిపోయినప్పుడు చేసే తప్పు ఒకటి పదేపదే చూస్తాం. 65 కనిపించగానే మూడు చెంచాల గ్లూకోజు పొడి, అంటే సుమారు 15 గ్రాములు తీసుకోవడం సరైన పనే. పది నిమిషాల తర్వాత సెన్సర్ ఇంకా 60 అంటుంది, ఆలస్యం వల్ల. భయంతో మళ్లీ పొడి, పైన అరటిపండు, పైన బిస్కెట్లు. గంటలో 260. పావుగంట ఆగాక వేలి రక్తం పరీక్షించి నిర్ణయించుకోవాలి, ఆ ఒక్క సమయంలో సెన్సర్‌ను నమ్మకూడదు. ఒంట్లో లక్షణాలు ఒకటి, తెర మీద అంకె ఇంకొకటి అయినప్పుడూ అంతే.

దీనికంటే ప్రమాదకరమైనది దీనికి ఎదురు తప్పు. భోజనానికి ఇన్సులిన్ వేసుకున్న గంటకు 230, బాణం పైకి. చూసి తట్టుకోలేక ఇంకో నాలుగు యూనిట్లు. త్వరగా పనిచేసే ఇన్సులిన్ ప్రభావం సుమారు నాలుగు గంటలుంటుంది, మొదటి మోతాదు ఇంకా సగం పని కూడా చేయలేదు. మూడో గంటకు రెండూ కలిసి షుగర్‌ను కిందికి లాగేస్తాయి. సెన్సర్ పెట్టుకున్న మొదటి వారంలో షుగర్ పడిపోవడం పెరిగిందంటే చాలాసార్లు కారణం ఇదే. భోజనం తర్వాత మూడు గంటలలోపు అదనపు మోతాదు డాక్టర్ చెప్పిన లెక్క లేకుండా వేసుకోవద్దు.

రాత్రి మూడింటికి నిట్టనిలువుగా 50కి పడి, అరగంటలో అంతే నిటారుగా 110కి లేచిన గ్రాఫు కనిపిస్తే చాలావరకు అది నిజం కాదు. ఆ చేతి మీద ఒత్తి పడుకోవడం వల్ల తీగ చుట్టూ ద్రవం కదలక తప్పుడు అంకె వచ్చింది. నిజంగా పడిపోయిన షుగర్ నెమ్మదిగా వంగుతూ దిగుతుంది, తినకుండా అంత చురుగ్గా లేవదు. ఈ తేడా తెలియక రాత్రి ఇన్సులిన్ తగ్గించేసుకుంటారు, పరగడుపు షుగర్ పెరిగిపోతుంది.

పరగడుపు షుగర్ ఎక్కువ ఉన్నవాళ్లకు ఈ సెన్సర్ చేసే మేలు ఇంకే పరీక్షా చేయదు. పొద్దున 180 ఉందంటే రాత్రంతా 180లోనే ఉండొచ్చు, తెల్లవారుజామున నాలుగు నుంచి హార్మోన్ల వల్ల 120 నుంచి ఎగబాకి ఉండొచ్చు, లేదా రాత్రి తొమ్మిదింటికి తిన్న బిర్యానీ ఇంకా దిగుతూ ఉండొచ్చు. మూడింటికీ మందు మార్చే పద్ధతి వేరు. బిర్యానీలోని కొవ్వు వల్ల కడుపు ఖాళీ కావడం ఆలస్యమై, షుగర్ మూడు నుంచి ఐదో గంటలో పెరుగుతుంది. తిన్న రెండు గంటలకు ల్యాబులో చేసే పరీక్షలో అది దొరకదు.

పద్నాలుగు రోజులు ఏం చేయాలి

ఇన్సులిన్ వేసుకోనివాళ్లు ఒక్క సెన్సర్‌తో ఎక్కువ రాబట్టాలంటే మొదటి రెండు రోజులు వదిలేయండి. తర్వాత నాలుగు రోజులు ఎప్పటిలాగే తిని, ఎప్పుడు ఏం తిన్నారో యాప్‌లో రాయండి. అలా రాయకుండా చూసే గ్రాఫు వల్ల ఉపయోగం తక్కువ. ఆ తర్వాత ఒక్కొక్క మార్పే చేస్తూ పోవాలి. మధ్యాహ్నం అన్నం రెండు కప్పుల నుంచి ఒకటికి తగ్గించి ఒక రోజు, రెండు కప్పులే ఉంచి ముందు కూర, పప్పు తిని చివర అన్నం తిని ఒక రోజు, అంతే తిని వెంటనే పావుగంట నడిచి ఒక రోజు. ఏ మార్పునూ ఒక్కసారి చూసి తేల్చేయకండి, ఇంకోరోజు అదే చేసి చూడండి. నిద్ర తక్కువైనా, జలుబు చేసినా అదే భోజనానికి వేరే గ్రాఫు వస్తుంది.

చాలామందికి ఆశ్చర్యం కలిగించేది రాగి జావ. షుగర్‌కు మంచిదని గ్లాసుడు పలచగా తాగుతారు. పిండి మెత్తగా ఉడికి నమిలే పనిలేకుండా దిగడం వల్ల అది అన్నంలాగే, ఒక్కోసారి అన్నం కంటే వేగంగా షుగర్‌ను పైకి లేపుతుంది. అదే రాగి సంకటిగా, పప్పో మాంసం కూరో తోడుగా తింటే గ్రాఫు వేరుగా ఉంటుంది. పెసరట్టు ఒక్కటే తింటే వచ్చే ఎత్తుకూ, లోపల ఉప్మా పెట్టి తింటే వచ్చే ఎత్తుకూ తేడా మీ తెర మీదే చూడండి. ఇంకొకరి పట్టిక చూసి తిండి మానేయకండి, ఒకే ఇడ్లీకి ఇద్దరి గ్రాఫులు ఒకలా ఉండవు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రోజువారీ తెరల ఫొటోలు పట్టుకెళ్లొద్దు. యాప్ లేదా లిబ్రెవ్యూ వెబ్‌సైటు నుంచి ఏజీపీ అనే ఒక పేజీ రిపోర్టు తీసుకెళ్లండి. పద్నాలుగు రోజులను ఒకే రోజుగా పేర్చి నడిమి గీతను, దాని చుట్టూ ఉన్న వెడల్పును అది చూపిస్తుంది. కనీసం 70 శాతం సమయం సమాచారం ఉంటేనే ఆ రిపోర్టుకు విలువ. 2019లో అంతర్జాతీయ నిపుణులు ఒప్పుకున్న లెక్క ప్రకారం రోజులో 70 శాతం కంటే ఎక్కువ సమయం, అంటే దాదాపు 17 గంటలు, షుగర్ 70 నుంచి 180 మధ్య ఉండాలి. 70 కిందికి 4 శాతం లోపే, అంటే రోజుకు గంటకు మించకుండా. 54 కిందికి ఒక శాతం కూడా ఉండకూడదు. పెద్ద వయసువాళ్లకు లక్ష్యం సడలించారు: సగం సమయం మధ్యలో ఉంటే చాలు, 70 కిందికి మాత్రం ఒక శాతం దాటకూడదు. డెబ్బై ఐదేళ్ల అమ్మమ్మకు కొడుకు లక్ష్యాన్ని పెట్టి గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర పెంచడం ఆమెను కింద పడేసే పని.

రిపోర్టులో జీఎంఐ అనే అంకె ఉంటుంది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) ఎంత ఉండొచ్చో సెన్సర్ సగటును బట్టి వేసే అంచనా అది. సగటు షుగర్‌ను 0.02392తో గుణించి 3.31 కలిపితే వచ్చేది అదే. సగటు 154 అయితే 7. ల్యాబ్ హెచ్‌బీఏ1సీ దీనికంటే ఎక్కువ వస్తే ఏదో ఒకటి తప్పని అనుకోనక్కర్లేదు. ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్న ఆడవాళ్లలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, సికిల్ సెల్ ఉన్నవాళ్లలో తప్పుగా తక్కువ చూపిస్తుంది. ఆ రెండు సందర్భాల్లో సెన్సర్ సగటే నమ్మదగ్గది.

ధర విషయానికొస్తే ఒక్కో సెన్సర్ నాలుగు వేల పైమాటే, నెలంతా వాడాలంటే రెండు కావాలి. ఆ డబ్బుకు ఏమొస్తుందో పరిశోధనలు స్పష్టంగానే చెప్పాయి. 2016 నాటి ఇంపాక్ట్ అధ్యయనంలో టైప్ 1 వాళ్లు 70 కింద గడిపే సమయం 38 శాతం తగ్గింది. ఇన్సులిన్ వాడే టైప్ 2 వాళ్ల మీద జరిగిన రీప్లేస్ అధ్యయనంలో 43 శాతం తగ్గింది, కానీ హెచ్‌బీఏ1సీలో వేలి పరీక్ష వాళ్లతో పోలిస్తే తేడా రాలేదు. 2022లో వచ్చిన ఫ్లాష్ యూకే అధ్యయనంలో, అదుపు తప్పిన టైప్ 1 వాళ్లకు అలారం ఉన్న లిబ్రె 2 ఇస్తే హెచ్‌బీఏ1సీ 8.7 నుంచి 7.9కి దిగింది, వేలి పరీక్ష వాళ్లకు 8.5 నుంచి 8.3కే. కాబట్టి డబ్బు పరిమితంగా ఉన్న ఇంట్లో ఇన్సులిన్ వేసుకునే మనిషికే మొదటి వంతు రావాలి. మాత్రల మీదున్నవాళ్లు ఏడాదికి రెండు మూడు సెన్సర్లు, మిగతా రోజులు వారానికి కొన్ని స్ట్రిప్పులతో సరిపెట్టుకోవచ్చు. డయాలసిస్ మీదున్నవాళ్లు డాక్టరు చెప్పకుండా దీని మీద ఆధారపడకూడదు. ఎంఆర్ఐ, సీటీ స్కాన్ తేదీ దగ్గర్లో ఉంటే కొత్త సెన్సర్ దాని తర్వాతే అంటించుకోండి, స్కానుకు ముందు తీయమనొచ్చు, తీసింది మళ్లీ అంటదు.

గడువు అయ్యాక అంచుల చుట్టూ కొబ్బరినూనె రాసి పది నిమిషాలాగి తీస్తే చర్మం లేవదు. తర్వాతి సెన్సర్ రెండో చేతికి పెట్టండి. వాడేసిన అప్లికేటరులో సూది ఉంటుంది, దాన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, ఇన్సులిన్ సూదులతోపాటు ఆసుపత్రిలో ఇచ్చేయండి. చెత్తబుట్టలో వేస్తే గుచ్చుకునేది మున్సిపాలిటీ మనిషి చేతికి.